ప్లేటో న్యాయం గురించి అలా ఎందుకు ఆలోచించాడు: మేనమామల పాలన నుంచి సిరక్యూజ్ దాకా

ఎన్నికలొచ్చిన ప్రతిసారీ వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది, మంచివాళ్ళు రాజకీయాలకి దూరంగా ఉంటే చెడ్డవాళ్ళ పాలన కింద బతకాల్సొస్తుంది అని, కింద ప్రాచీన గ్రీకు తత్వవేత్త ప్లేటో పేరు. ఆ మాట పూర్తిగా కల్పితం కాదు. న్యాయం గురించి ప్లేటో సంభాషణలుగా రాసిన 'రిపబ్లిక్' అనే పుస్తకం మొదటి భాగంలో, ఆయన గురువు సోక్రటీస్ నోట దాదాపు అలాంటి మాటే వస్తుంది, కాకపోతే అక్కడ సందర్భం ఓటెయ్యడం కాదు. మంచివాడికి పదవి మీద ఆశ ఉండదు, డబ్బు ఇస్తామన్నా పేరొస్తుందన్నా కదలడు, తనకంటే తక్కువ స్థాయివాడు తన మీద పెత్తనం చేస్తాడన్న భయం ఒక్కటే అతన్ని కుర్చీ దాకా లాక్కొస్తుంది అని అక్కడ వాదన.

ఇంకోపక్క అదే ప్లేటో గురించి "గురువు సోక్రటీస్ ని ప్రజాస్వామ్యం చంపేసింది కాబట్టి ప్రజాస్వామ్యం అంటే పగ పెంచుకున్నాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. సివిల్స్ కి పొలిటికల్ సైన్స్ ఆప్షనల్ తీసుకున్నవాళ్ళయితే "ఎవరి పని వాళ్ళు చేసుకోవడమే న్యాయం" అని బట్టీ పట్టి ముందుకెళ్ళిపోతారు. ఈ మూడు ముక్కలూ విడివిడిగా చూస్తే ఒకదానికొకటి అతకవు. ఆయన కళ్ళముందు జరిగిన రాజకీయాన్ని పక్కన పెట్టుకుని చదివితే మాత్రం చాలావరకు అతుకుతాయి, అందులో ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది: సోక్రటీస్ మరణం ఆయనకి తగిలిన రెండో దెబ్బ, మొదటి దెబ్బ సొంత ఇంటివాళ్ళ చేతిలో తగిలింది.

న్యాయం, ప్రజాస్వామ్యం, ఒలిగార్కీ: అప్పట్లో వీటి అర్థం

న్యాయం అనగానే మనకి కోర్టు, జడ్జి, తీర్పు గుర్తొస్తాయి. ప్లేటో అడిగేది అంతకంటే పెద్ద ప్రశ్న. మనిషి ఎలా ఉంటే న్యాయంగా ఉన్నట్టు, ఊరు ఎలా నడిస్తే న్యాయంగా నడిచినట్టు, అసలు న్యాయంగా బతికినవాడికి దానివల్ల ఏం ఒరుగుతుంది, ఈ మూడిటినీ కలిపి ఒకటే ప్రశ్నగా అడుగుతాడు.

ప్లేటో సొంత ఊరు ఏథెన్స్. అక్కడి ప్రజాస్వామ్యం మన దగ్గర ఉన్నట్టు ఎమ్మెల్యేలని ఎన్నుకునే పద్ధతి కాదు. పౌరులే నేరుగా నిక్స్ అనే కొండ మీద గుమిగూడి, చేతులెత్తి యుద్ధమా సంధా అన్నది కూడా అక్కడికక్కడే తేల్చేవాళ్ళు. పదవులు చాలావరకు లాటరీ తీసి ఇచ్చేవాళ్ళు. కేసుల్ని వందల మంది పౌరులు కూర్చుని ఒక్క రోజులో విని ఓటేసేవాళ్ళు, మన జడ్జి లాంటివాడు ఉండడు, వాదించుకునేది ఎవరికి వాళ్ళే. అయితే పౌరులు అంటే పెద్దవాళ్ళైన మగవాళ్ళు మాత్రమే, ఆడవాళ్ళకి, బానిసలకి, వేరే ఊళ్ళ నుంచి వచ్చి తరాలుగా అక్కడే స్థిరపడినవాళ్ళకి కూడా ఓటు లేదు. ఒలిగార్కీ అంటే కొద్దిమంది, సాధారణంగా ఆస్తిపరులు, అధికారాన్ని తమ గుప్పిట్లో పెట్టుకోవడం. అప్పట్లో చాలా గ్రీకు నగరాల్లో ఈ రెండు పక్షాల మధ్యా గొడవ నడుస్తూనే ఉండేది, ఏథెన్స్ వెనకుండి ఒకళ్ళని ఎగదోస్తే దాని ప్రత్యర్థి నగరం స్పార్టా వెనకుండి ఇంకొకళ్ళని ఎగదోసేది.

యుద్ధంలో పుట్టి యుద్ధంలో పెరిగిన కుర్రాడు

ప్లేటో పుట్టింది క్రీ.పూ. 427 ప్రాంతంలో. అప్పటికే ఏథెన్స్ కీ స్పార్టాకీ యుద్ధం మొదలై నాలుగేళ్ళు (431లో మొదలై 404లో ముగిసింది), ఊళ్ళో మహమ్మారి వచ్చి జనం గుట్టలుగా చచ్చిపోయారు, పెద్ద నాయకుడు పెరిక్లీస్ కూడా 429లో పోయాడు. అంటే ఈ కుర్రాడికి ఊహ తెలిసినప్పటి నుంచి ఇరవయ్యేళ్ళు దాటేదాకా శాంతి అనేది ఎలా ఉంటుందో సరిగ్గా తెలీదు. 415లో జనసభ ఉత్సాహంగా చేతులెత్తి సిసిలీ మీదకి భారీ నౌకాదళాన్ని పంపింది, రెండేళ్ళకి అది మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. 411లో నాలుగొందల మంది కలిసి ప్రజాస్వామ్యాన్ని కూలదోశారు, అది కొన్ని నెలలకే పడిపోయింది.

406లో జరిగిన సంగతి మాత్రం కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే చట్టం వేరు, జనం ఇష్టం వేరు అన్న గొడవ అందులో చాలా స్పష్టంగా కనిపిస్తుంది. అర్గినూసే దీవుల దగ్గర ఏథెన్స్ నౌకాదళం పెద్ద విజయమే సాధించింది, కానీ తుఫాను రావడం వల్ల విరిగిపోయిన ఓడల్లోని సొంత సైనికుల్ని కాపాడలేకపోయింది. గెలిచొచ్చిన సేనాపతుల మీద జనానికి కోపం కట్టలు తెంచుకుంది. ఒక్కొక్కరినీ విడివిడిగా విచారించాలన్నది పద్ధతి, అందర్నీ కలిపి ఒకే ఓటుతో తేల్చెయ్యాలని సభలో ఒకాయన తీర్మానం పెట్టాడు. ఇది చట్టవిరుద్ధం అని కొందరు లేస్తే, జనం అనుకున్నది జనాన్ని చెయ్యనివ్వకపోవడమే ఘోరం అని సభంతా అరిచారట. ఆ రోజు సభని నడిపే బృందంలో లాటరీ వంతున సోక్రటీస్ ఉన్నాడు, ఇది చట్టప్రకారం కుదరదని ఆయన ఒప్పుకోలేదు. అయినా ఆరుగురిని చంపేశారు, వాళ్ళలో పెరిక్లీస్ కొడుకు కూడా ఉన్నాడు. తర్వాత అదే జనం పశ్చాత్తాపపడి, తమని తప్పుదారి పట్టించినవాళ్ళ మీద కేసులు పెట్టారు. చనిపోయినవాళ్ళు తిరిగిరారు కదా. ప్లేటోకి అప్పుడు ఇరవయ్యేళ్ళు.

మేనమామలు అధికారంలో ఉన్న ఎనిమిది నెలలు

404లో ఏథెన్స్ లొంగిపోయింది. స్పార్టా అండతో ముప్ఫై మంది చేతికి అధికారం వచ్చింది, చరిత్రలో వాళ్ళని ముప్ఫై మంది నిరంకుశులు అంటారు. వాళ్ళకి నాయకుడు క్రీటియస్, ప్లేటో తల్లికి చిన్నాన్న-పెదనాన్న వరస అన్నదమ్ముడు. రేవు పట్టణం పైరియస్ ని చూసుకోవడానికి వేసిన పదిమందిలో ఖార్మిడీస్ ఒకడు, ఇతను ప్లేటో తల్లికి సొంత తమ్ముడో అన్నో. మన వరసల్లో చెప్పుకుంటే ఇద్దరూ మేనమామలే.

ఏడో లేఖ అని ప్లేటో పేరు మీద ఒక పెద్ద ఉత్తరం ఉంది (అది నిజంగా ఆయనే రాశాడా అన్న చర్చ ఉంది, దాని సంగతి తర్వాత చూద్దాం). అందులో ఈ రోజుల గురించి సూటిగా చెప్తాడు. కుర్రతనంలో అందరిలాగే నేనూ రాజకీయాల్లోకి వెళ్దామనుకున్నాను, ఆ ముప్ఫై మందిలో మా బంధువులూ తెలిసినవాళ్ళూ ఉన్నారు, రమ్మని పిలిచారు, వీళ్ళు ఊరిని అన్యాయపు బతుకు నుంచి న్యాయం వైపు నడిపిస్తారని నమ్మాను, కొద్దికాలానికే వీళ్ళ పుణ్యమా అని అంతకుముందున్న ప్రభుత్వం బంగారంలా కనిపించింది, అని దాని సారాంశం. ఆ అంతకుముందున్న ప్రభుత్వం ఏంటంటే ప్రజాస్వామ్యమే.

బంగారంలా ఎందుకు కనిపించిందో అర్థం కావాలంటే ఒక్క ఇంటి కథ చాలు. పైరియస్ లో కెఫాలస్ అనే ఆయన కుటుంబం ఉండేది, సిసిలీ ద్వీపంలోని సిరక్యూజ్ అనే గ్రీకు నగరం నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు, పౌరసత్వం లేదు, డాళ్ళు తయారుచేసే పెద్ద కార్ఖానా ఉంది. కొడుకుల్లో ఒకడు లీసియస్, తర్వాత కోర్టు ప్రసంగాలు రాసిచ్చే పనిలో చాలా పేరు తెచ్చుకున్నాడు, తన ఇంటికి జరిగింది తనే కోర్టులో చెప్పాడు, ఆ ప్రసంగం ఇప్పటికీ ఉంది. ఖజానాకి డబ్బు కావాలి కాబట్టి స్థిరపడిన పరాయి ఊరివాళ్ళలో పదిమందిని పట్టుకుందాం, అందులో ఇద్దరు పేదవాళ్ళని కూడా కలుపుదాం, అప్పుడు డబ్బు కోసం చేసినట్టు కనపడదు, అని ముప్ఫై మంది ప్లాన్ వేశారట. లీసియస్ భోజనానికి అతిథులు వచ్చి ఉండగా ఇంటి మీద పడ్డారు, ఆయన లంచమిచ్చి, తర్వాత దొరికిన సందులో పారిపోయాడు. అన్న పోలెమార్కస్ ని రోడ్డు మీద పట్టుకుని జైల్లో పెట్టి, నేరం ఏంటో కూడా చెప్పకుండా విషం తాగమన్నారు. ఇంట్లోకి వచ్చినవాడు పోలెమార్కస్ భార్య చెవులకున్న బంగారు కమ్మలు చెవుల నుంచే లాక్కున్నాడు. ఏడొందల డాళ్ళు, నూటఇరవై మంది బానిసలు, వెండి, బంగారం, బట్టలు అన్నీ పోయాయి. మూడు ఇళ్ళున్న కుటుంబం, శవాన్ని ఒక్క ఇంటి నుంచి కూడా తీసుకెళ్ళనివ్వలేదు, చిన్న పాక అద్దెకి తీసుకుని అక్కడ పడుకోబెట్టారు, కప్పడానికి ఒక స్నేహితుడు గుడ్డ ఇచ్చాడు, తలకింద పెట్టడానికి ఇంకొకరు దిండు ఇచ్చారు.

ఇలా ముప్ఫై మంది హయాంలో చంపినవాళ్ళు పదిహేను వందలకి తక్కువ లేరని పాత లెక్క. లియోన్ అనే ఒకాయన్ని సలామిస్ నుంచి పట్టుకురమ్మని ఐదుగురిని పంపారు, ఆ ఐదుగురిలో సోక్రటీస్ ఒకరు. తమ పాపంలో ఎంత ఎక్కువమందిని వీలైతే అంతమందిని ఇరికించడం వాళ్ళ పద్ధతి. మిగతా నలుగురూ వెళ్ళి లియోన్ ని తెచ్చారు, సోక్రటీస్ ఇంటికెళ్ళిపోయాడు. అంటే రెండేళ్ళ కిందట జనం చట్టం తప్పితే ఒప్పుకోని మనిషే ఇప్పుడు కొద్దిమంది చట్టం తప్పితే కూడా ఒప్పుకోలేదు. ప్లేటో న్యాయం గురించి రాసిందంతా ఒకరకంగా ఈ రెండు సంఘటనల మధ్యే తిరుగుతుంది అనిపిస్తుంది నాకు. ఎవరు పాలిస్తున్నారన్నది మారింది, అన్యాయం మాత్రం మారలేదు.

403లో థ్రసిబ్యులస్ నాయకత్వంలో ప్రవాసం వెళ్ళిన ప్రజాస్వామ్యవాదులు పైరియస్ కి తిరిగొచ్చారు, మునిఖియా గుట్ట దగ్గర జరిగిన పోరులో క్రీటియస్, ఖార్మిడీస్ ఇద్దరూ చచ్చిపోయారు.

'రిపబ్లిక్' మొదలయ్యేది ఆ చంపబడ్డవాళ్ళ ఇంట్లోనే

న్యాయం గురించి రాసిన అంత పెద్ద పుస్తకాన్ని ప్లేటో ఎక్కడ మొదలుపెట్టాడో చాలామంది పట్టించుకోరు. పైరియస్ లో బెండిస్ అనే దేవత జాతర, చూడ్డానికి సోక్రటీస్ వస్తాడు, వెంట ప్లేటో సొంత అన్న గ్లాకాన్. ఇంటికి బయల్దేరుతుంటే పోలెమార్కస్ ఆపి బలవంతంగా తమ ఇంటికి తీసుకెళ్తాడు. అవును, ఆ పోలెమార్కస్సే. ముసలాయన కెఫాలస్ కూర్చుని ఉంటాడు, లీసియస్ కూడా ఉంటాడు, పుస్తకం మొత్తం ఆ ఇంట్లోనే నడుస్తుంది. కథ జరిగిన కాలానికి అందరూ బతికే ఉన్నారు, కానీ పుస్తకం బయటికొచ్చిన కాలానికి, అంటే సుమారు 380-370 మధ్య, ఏథెన్స్ లో చదివే ప్రతివాడికీ ఆ ఇంటికి తర్వాత ఏమైందో తెలుసు, ఎవరు చేయించారో తెలుసు, రాసినవాడు ఆ చేయించినవాళ్ళకి ఏమవుతాడో కూడా తెలుసు. మునిఖియా పోరు జరిగింది బెండిస్ గుడి వైపు వెళ్ళే దారిలోనే.

ఇప్పుడు అక్కడ జరిగే వాదన చూడండి. కెఫాలస్ దృష్టిలో న్యాయం అంటే నిజం చెప్పడం, తీసుకున్నది తిరిగివ్వడం. సోక్రటీస్ ఒక ఉదాహరణ ఇస్తాడు: స్నేహితుడు మంచిగా ఉన్నప్పుడు నీ దగ్గర కత్తి దాచాడు, తర్వాత మతి చెడి వచ్చి అడిగాడు, ఇచ్చేస్తావా? ఇవ్వం కదా. కాబట్టి బాకీ తీర్చడం అనే రూల్ ఒక్కటే సరిపోదు. అప్పుడు పోలెమార్కస్ అందుకుంటాడు, న్యాయం అంటే మనవాళ్ళకి మేలు, శత్రువులకి కీడు చెయ్యడం అంటాడు. ఇది అప్పటి గ్రీకు సమాజంలో అందరూ సహజంగా ఒప్పుకునే మాటే, ఇప్పటి రాజకీయాల్లో కూడా పైకి అనకపోయినా లోపల నడిచేది చాలావరకు ఇదే. సోక్రటీస్ రెండు ప్రశ్నలేస్తాడు. మనవాళ్ళు అనుకున్నవాళ్ళు నిజంగా మంచివాళ్ళేనా, పొరబడితే? అలాగే మనిషికి కీడు చేస్తే ఆ మనిషి ఇంకా చెడిపోతాడు తప్ప బాగుపడడు, న్యాయం అనేది మంచి గుణం అయితే అది ఇంకొకళ్ళని చెడగొట్టడం ఎలా అవుతుంది? పోలెమార్కస్ ఒప్పేసుకుంటాడు, ఇకమీదట నీ పక్షాన నిలబడి వాదిస్తా అంటాడు. ఈ శత్రువు-మిత్రుడు సూత్రం ఎవరిదై ఉంటుందో కూడా సోక్రటీస్ చెప్తాడు, పెరియాండర్, జెర్క్సిస్ లాంటి నిరంకుశ పాలకులది, లేదా తనకి చాలా శక్తి ఉందనుకునే ఎవడో డబ్బున్నవాడిది అని.

ఏ సూత్రం అయితే పోలెమార్కస్ మామూలుగా నమ్మాడో అదే సూత్రాన్ని పూర్తిగా అమలుచేసినవాళ్ళ చేతిలో చచ్చిపోయాడు. తన మేనమామలు చంపించిన మనిషి నోటితో ప్లేటో ఆ సూత్రాన్ని చెప్పించి, ఆ మనిషి చేతే వదిలేయించాడు. ఆయన తన కుటుంబం గురించి ఎక్కడా క్షమాపణ రాయలేదు, కానీ ఈ సన్నివేశం చదివినప్పుడల్లా ఇంతకంటే గట్టిగా ఎలా చెప్పగలడు అనిపిస్తుంది. వెంటనే అక్కడే కూర్చుని వింటున్న థ్రసిమాకస్ అనే ఉపన్యాస విద్య నేర్పే పండితుడు మీదపడి, న్యాయం అంటే బలవంతుడికి లాభమైనదే, ఎవడు అధికారంలో ఉంటే వాడు తనకి పనికొచ్చేది చట్టం చేసి దానికే న్యాయం అని పేరు పెడతాడు అంటాడు. ఇదేదో తత్వవేత్తల కాలక్షేపం కాదు, అప్పటికి ముప్ఫై ఏళ్ళుగా ఆ ఊరు చూస్తూ వచ్చిన సంగతే.

సోక్రటీస్ కేసు: ఈసారి దెబ్బ అవతలి వైపు నుంచి

తిరిగొచ్చిన ప్రజాస్వామ్యవాదులు పగ తీర్చుకోలేదు. పాత తప్పుల మీద కేసులు పెట్టకూడదని అందరితో ఒట్టు వేయించి క్షమాభిక్ష ప్రకటించారు, ముప్ఫై మందినీ మరి కొద్దిమందినీ తప్ప. ఏడో లేఖ కూడా వాళ్ళు చాలా నిగ్రహంగా ఉన్నారని మెచ్చుకుంటుంది, మళ్ళీ రాజకీయాల మీద ఆశ పుట్టిందని అంటుంది. అలాంటి సమయంలోనే 399లో సోక్రటీస్ మీద కేసు పడింది, ఊరి దేవుళ్ళని నమ్మడు, కుర్రాళ్ళని చెడగొడతాడు అని. కేసు పెట్టినవాళ్ళలో అనిటస్ ఉన్నాడు, థ్రసిబ్యులస్ తో కలిసి ప్రవాసంలో ఉండి పోరాడిన మనిషి, అందరికీ గౌరవం ఉన్నవాడు. సుమారు ఐదొందల మంది జ్యూరీ, ముప్ఫై ఓట్లు అటు మారి ఉంటే బయటపడేవాడు. విచారణలో ప్లేటో ఉన్నాడు, మరణశిక్షకి బదులు జరిమానా వేస్తే దానికి పూచీ ఉంటామన్నవాళ్ళలో తన పేరు కూడా తనే రాసుకున్నాడు.

ఎందుకు చంపారన్నదాని మీద ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. క్రీటియస్ ఒకప్పుడు సోక్రటీస్ చుట్టూ తిరిగినవాడు, క్షమాభిక్ష వల్ల ఆ మాట నేరుగా కేసులో పెట్టడానికి లేదు, అందుకే వేరే పేరు పెట్టారు అని కొందరంటారు. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత ఈస్కినీస్ అనే వక్త కోర్టులో, క్రీటియస్ కి చదువు చెప్పాడని మీరు సోక్రటీస్ ని చంపారు కదా అని మామూలుగా అనేస్తాడు, అంటే జనంలో ఆ అభిప్రాయం ఉంది. కాదు, మతపరమైన అభియోగమే నిజమైనది, యుద్ధం ఓడి బిక్కచచ్చిపోయిన ఊరు దేవుళ్ళ విషయంలో భయపడింది అని ఇంకొందరి వాదన. ఏదైనా ప్లేటోకి మిగిలింది ఒకటే లెక్క. దుర్మార్గులు అధికారంలో ఉంటే దుర్మార్గం జరిగింది, సరే. నిగ్రహం ఉన్న మంచివాళ్ళు, చట్టప్రకారం, ఓటేసి, తనకి తెలిసినవాళ్ళలోకెల్లా న్యాయమైన మనిషిని చంపారు. మనుషుల్ని మార్చడం వల్ల, పక్షాన్ని మార్చడం వల్ల పని జరగదు అని ఆయనకి అనిపించింది ఇక్కడే.

ఎవరి పని వాళ్ళు చెయ్యడం అంటే ఆయన ఉద్దేశం ఏంటి

'రిపబ్లిక్' లో ఆయన ఇచ్చే జవాబు ఇది. ఊళ్ళో మూడు రకాల పనులుంటాయి, పండించి తయారుచేసి అమ్మడం, కాపలా కాసి యుద్ధం చెయ్యడం, పాలించడం. మనిషి మనసులో కూడా మూడు ఉంటాయి, కోరిక, పౌరుషం, ఆలోచన. ప్రతిదీ తన పని తను చేస్తూ ఆలోచన చెప్పినట్టు మిగతావి నడిస్తే ఆ మనిషి న్యాయంగా ఉన్నట్టు, తెలిసినవాళ్ళు చెప్పినట్టు ఊరు నడిస్తే ఆ ఊరు న్యాయంగా ఉన్నట్టు. తత్వవేత్తలు రాజులన్నా అవ్వాలి, రాజులు నిజంగా తత్వవేత్తలన్నా అవ్వాలి, అప్పటిదాకా ఊళ్ళ కష్టాలు తీరవు అన్న ప్రసిద్ధమైన మాట ఇక్కడిదే.

ఎవరి పని వాళ్ళు చెయ్యడం అన్న ఈ మాటకి ఒక ముందు చరిత్ర ఉంది. 'ఖార్మిడీస్' అనే ఇంకో సంభాషణలో ప్లేటో తన ఇద్దరు మేనమామల్నీ పాత్రలుగా పెట్టాడు, అక్కడ నిగ్రహం అంటే ఏంటి అన్న ప్రశ్నకి ఖార్మిడీస్ చెప్పే ఒక జవాబు ఇదే, అది క్రీటియస్ దగ్గర విన్నదే అని తేలుతుంది, సోక్రటీస్ ప్రశ్నల ముందు వాళ్ళిద్దరూ దాన్ని నిలబెట్టలేకపోతారు. తర్వాత 'రిపబ్లిక్' లో అదే మాటని తీసుకుని న్యాయానికి నిర్వచనం చేశాడు, కానీ ఒక పెద్ద షరతు తగిలించాడు. పాలించేవాళ్ళకి సొంత ఇల్లు ఉండకూడదు, భూమి ఉండకూడదు, బంగారం వెండి ముట్టుకోకూడదు, అందరూ ఒకేచోట తినాలి, ఎవరి పిల్లలు ఎవరో కూడా తెలియకూడదు. ఆడవాళ్ళు కూడా పాలకులు కావచ్చు. మంద కాయాల్సిన కుక్కలే తోడేళ్ళైతే ఎలా అని ఆయన వేసుకున్న ప్రశ్న, మనం కంచే చేను మేస్తే అంటాం, అదే. పోలెమార్కస్ భార్య కమ్మల కథ తెలిసిన ఊళ్ళో పెరిగిన మనిషి, అధికారాన్నీ డబ్బునీ ఒకే చేతిలో ఉంచకూడదని ఇంత కటువుగా రాయడంలో వింత లేదు.

ఇక్కడ తెలుగు పాఠకుడికి వెంటనే వచ్చే డౌట్, ఇది మన వర్ణవ్యవస్థే కదా అని. పోలిక ఉంది, తేడా కూడా ఉంది. పుట్టుకతో స్థానం ఖరారు కాదు, పాలకుడి కొడుకు తగడనిపిస్తే కిందకి పంపాలి, కింది కుటుంబంలో తగినవాడు పుడితే పైకి తేవాలి అని ప్లేటో స్పష్టంగా రాశాడు. అంబేడ్కర్ 1936లో కులనిర్మూలన గురించి రాసినప్పుడు ఈ పోలికని నేరుగా ఎత్తుకుని, మనుషుల్ని కొన్ని గట్టి వర్గాలుగా ముద్దచెయ్యడమే మనిషి గురించి చాలా పైపై అవగాహన అని విమర్శించాడు. అంటే ఆయన అభ్యంతరం పుట్టుక దగ్గరే ఆగలేదు, మూడో నాలుగో డబ్బాల్లో మనిషి పట్టడు అన్నది అసలు పాయింట్. ప్లేటో వ్యవస్థకి ఇది చాలా బలమైన అభ్యంతరం, పైకి కిందకి మారొచ్చు అన్న వెసులుబాటు దీనికి జవాబు కాదు.

సిరక్యూజ్: పుస్తకంలోది మనిషి మీద ప్రయత్నిస్తే

నలభై ఏళ్ళప్పుడు, 388 ప్రాంతంలో, ప్లేటో ఇటలీ, సిసిలీ వెళ్ళాడు. సిరక్యూజ్ లో మొదటి డయొనీసియస్ అనే నియంత పాలన. రోజుకి రెండుసార్లు కడుపు పగిలేలా తినడం, రాత్రి ఒంటరిగా పడుకోకపోవడం, దీన్నే అక్కడ సుఖమైన జీవితం అంటున్నారు, ఇలా పెరిగినవాడు వివేకవంతుడు ఎలా అవుతాడు అని లేఖలో విసుక్కుంటాడు. అక్కడ దొరికిన మంచి విషయం డియాన్, నియంత బావమరిది, ఇరవయ్యేళ్ళ కుర్రాడు, ప్లేటో మాటలు విని నిజంగా మారిపోయాడు. తిరిగొచ్చాక ప్లేటో ఏథెన్స్ లో అకాడమీ అనే తన విద్యాలయం పెట్టాడు.

367లో పెద్ద డయొనీసియస్ పోయి కొడుకు గద్దెనెక్కాడు. రా, ఈ కుర్రరాజుని తత్వవేత్తని చెయ్యి, ఇంతకంటే మంచి అవకాశం రాదు అని డియాన్ పిలిచాడు. వెళ్ళకపోతే మాటలు తప్ప చేతల్లేని మనిషినని నాకే అనిపిస్తుందని సిగ్గుపడి వెళ్ళానని లేఖలో ఉంటుంది. నాలుగు నెలలకే డియాన్ మీద కుట్ర ఆరోపణ వచ్చింది, దేశం నుంచి పంపించేశారు, ప్లేటో కోటలో దాదాపు బందీ అయ్యాడు. 361లో మళ్ళీ వెళ్ళాడు, ఈసారి ఇటలీలోని టారెంటమ్ నుంచి ఆర్కిటాస్ అనే మిత్రుడు ఓడ పంపిస్తే గానీ బయటపడలేదు. 357లో డియాన్ సైన్యంతో వెళ్ళి సిరక్యూజ్ ని పట్టుకున్నాడు, అక్కడ అతని హయాం కూడా రక్తం లేకుండా నడవలేదు, 354లో కల్లిపస్ అనే ఏథెన్స్ వాడు, స్నేహితుడిగా వెంట వచ్చినవాడే, హత్య చేయించాడు.

తెలిసిన మనిషి దొరక్కపోతే చట్టం

దీని తర్వాత ప్లేటో రాసినవాటిలో బరువు మారుతుంది. 'స్టేట్స్‌మన్' లో ఒక ఉదాహరణ ఉంది. మంచి డాక్టర్ ఊరెళ్తూ రోగికి మందులు రాసిచ్చి వెళ్ళాడు, అనుకున్నదానికంటే ముందే తిరిగొచ్చాడు, రోగి పరిస్థితి మారింది, అలాంటప్పుడు పాత చీటీకి కట్టుబడి ఉండటం మూర్ఖత్వం కదా. అంటే నిజంగా తెలిసినవాడుంటే చట్టం కంటే వాడే మేలు. కానీ అలాంటివాడు లేనప్పుడు, డాక్టర్ వేషం వేసినవాడి చేతిలో పడేకంటే రాసి ఉన్న చీటీ నయం. అదే పుస్తకంలో, చట్టాన్ని పాటించే ప్రభుత్వాల్లో ప్రజాస్వామ్యం అన్నిటికంటే బలహీనం, చట్టాన్ని లెక్కచెయ్యని ప్రభుత్వాల్లో మాత్రం అన్నిటికంటే భరించదగ్గది అని తేలుస్తాడు, అధికారం చిన్నచిన్న ముక్కలుగా పంచబడి ఉంటుంది కాబట్టి పెద్ద మేలూ చెయ్యలేదు, పెద్ద కీడూ చెయ్యలేదు అని.

చివరి పుస్తకం 'లాస్' లో ఇంకా ముందుకెళ్తాడు. క్రీట్ ద్వీపంలో ముగ్గురు ముసలివాళ్ళు నడుస్తూ ఒక కొత్త ఊరికి చట్టాలు ఆలోచిస్తారు, 5040 కుటుంబాల ఊరు. చట్టం పాలకుల చెప్పుచేతల్లో ఉన్నచోట నాశనం, పాలకులు చట్టానికి బానిసలైనచోట రక్షణ అంటాడు. వయసులో చిన్నవాడై, అడిగేవాడు లేని అధికారం చేతికొస్తే ఏ మానవ మనసూ దాన్ని తట్టుకోలేదు అని కూడా రాస్తాడు, ఆ మాట చదువుతుంటే సిరక్యూజ్ గుర్తురాకుండా ఉండదు. ఆస్తి ఉండొచ్చు, కానీ కనీస వాటాకి నాలుగు రెట్లు మించకూడదు. పదవి దిగినవాళ్ళ లెక్కలు తనిఖీ చెయ్యడానికి వేరే అధికారులుంటారు. ప్రతి చట్టానికీ ముందు అది ఎందుకో నచ్చజెప్పే ముందుమాట ఉండాలి. అయితే ఇదే పుస్తకంలో దేవుళ్ళ విషయంలో తప్పుగా మాట్లాడేవాళ్ళకి జైలు, కొన్ని సందర్భాల్లో మరణశిక్ష కూడా ఉంది. సోక్రటీస్ శిష్యుడు సోక్రటీస్ మీద పెట్టిన కేసు లాంటి కేసుకే చోటిచ్చే చట్టం రాశాడు, దీన్ని ఎవరూ తేలిగ్గా సర్దిచెప్పలేకపోయారు.

అనుభవంతోనే అంతా వివరించగలమా

ఇప్పటిదాకా చెప్పిన కథకి మూడు వైపుల నుంచి అభ్యంతరాలున్నాయి.

మొదటిది ఆధారం గురించి. ప్లేటో మనసులో మాటలన్నీ మనం తీసుకుంటున్నది ఏడో లేఖ నుంచి, అది డియాన్ హత్య తర్వాత సిసిలీలోని అతని మిత్రులకి రాసినట్టుంటుంది. ఆయనదే అని నమ్మే పండితులున్నారు, మైల్స్ బర్నియెట్ లాంటివాళ్ళు కాదని గట్టిగా వాదించారు. నకిలీ అయినా రాసినవాడికి ఆ కాలం సంగతులు బాగా తెలుసని కొందరంటారు. నా ఉద్దేశంలో లేఖని పూర్తిగా పక్కన పెట్టినా, క్రీటియస్ తో బంధుత్వం, పోలెమార్కస్ ఇంట్లో 'రిపబ్లిక్' పెట్టడం, విచారణలో తన పేరు రాసుకోవడం, ఇవి మిగులుతాయి, వాదనకి అవి చాలు. సిరక్యూజ్ భాగం మాత్రం బలహీనపడుతుంది, అది ఒప్పుకోవాలి.

రెండోది ఇరవయ్యో శతాబ్దపు తత్వవేత్త కార్ల్ పాపర్ ది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రాస్తూ, ప్లేటోది అనుభవం నేర్పిన పాఠం కాదు, పాత పెద్దింటి వర్గం పక్షపాతమే, గురువు పేరు వాడుకుని గురువుకే ద్రోహం చేశాడు, ప్రశ్నించే స్వేచ్ఛ లేని ఊరికి ప్లాన్ గీశాడు అన్నాడు. పాలకులు జనానికి చెప్పాల్సిన మంచి అబద్ధం గురించి 'రిపబ్లిక్' లో ఉన్నది చదివితే ఈ కోపం అర్థమవుతుంది. ఎదుటివాళ్ళేమో, అది అమలుచెయ్యాల్సిన ప్లాన్ కాదు, మనసు ఎలా ఉండాలో చూపించడానికి పెద్ద అక్షరాల్లో గీసిన బొమ్మ, ఆ మాట ప్లేటోనే అన్నాడు అని గుర్తుచేస్తారు.

మూడోది నాకు అన్నిటికంటే బరువుగా కనిపిస్తుంది. అనుభవం నుంచి నేర్చుకున్నది ప్లేటో ఒక్కడేనా? ఏథెన్స్ జనం కూడా నేర్చుకున్నారు. 403 తర్వాత చట్టాలన్నీ సరిచూసి రాయించారు, సభలో అప్పటికప్పుడు చేసే తీర్మానం చట్టాన్ని దాటకూడదని రూల్ పెట్టారు, అర్గినూసే లాంటిది మళ్ళీ జరగకుండా. ఆ ప్రజాస్వామ్యం మాసిడోనియా చేతికి పోయేదాకా ఇంకో ఎనభై ఏళ్ళు నిలబడింది, ప్లేటో అకాడమీ కూడా దాని నీడలోనే నడిచింది, ఎవరూ మూయించలేదు. ప్రజాస్వామ్యం ముదిరి నియంతృత్వం అవుతుందని 'రిపబ్లిక్' ఎనిమిదో భాగంలో ఆయన గీసిన క్రమం సొంత ఊళ్ళోనే అలా జరగలేదు, అక్కడ నిరంకుశులుగా మారింది స్పార్టా అండతో గద్దెనెక్కిన కొద్దిమంది.

పదిహేడేళ్ళప్పుడు అకాడమీలో చేరి ఇరవయ్యేళ్ళు అక్కడే ఉన్న అరిస్టాటిల్ ఈ క్రమాన్ని తప్పుపట్టాడు, విడివిడిగా గొప్పవాళ్ళు కాని మనుషులు కూడా పదిమంది కలిస్తే కొద్దిమంది గొప్పవాళ్ళ కంటే మెరుగైన తీర్పు చెప్పగలరు అని కూడా వాదించాడు. ఆయన బృందం 158 నగరాల పాలనా పద్ధతుల్ని సేకరించిందంటారు, అందులో ఏథెన్స్ గురించినది మాత్రమే దాదాపు పూర్తిగా మిగిలింది, ఈజిప్టు పపైరస్ మీద దొరికి 1891లో అచ్చయింది. ముప్ఫై మంది చంపినవాళ్ళ లెక్క అందులో ఉంది. ప్రజాస్వామ్యవాదుల మీద యుద్ధం చెయ్యడానికి ముప్ఫై మంది స్పార్టా దగ్గర చేసిన అప్పు సంగతి కూడా ఉంది. ఎవరి అప్పు వాళ్ళే తీర్చుకోవాలని ఒప్పందంలో రాసుకున్నా, తిరిగొచ్చిన ప్రజాస్వామ్యవాదులు దాన్ని ఊరి ఖజానా నుంచి, అందరి పేరు మీదా కట్టేశారు.